స్పానిష్‌లో కొనుగోలు సంభాషణ

స్పానిష్ మాట్లాడే దేశాల్లో సరుకులు అడగడానికి, ధర తెలుసుకోవడానికి, బేరమాడడానికి, డబ్బు చెల్లించడానికి అవసరమయ్యే తొలిమెట్టు పదజాలం, వ్యాకరణం ఈ వ్యాస విషయం. స్పెయిన్, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా విస్తరించిన లాటిన్ అమెరికా దేశాలు, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ కలిపి 20 దేశాల్లో ప్రభుత్వ వ్యవహారం స్పానిష్‌లో సాగుతుంది. ఐరోపా మండలి 2001లో వెలువరించిన భాషా స్థాయుల పట్టికలో అంగడి సంభాషణ అట్టడుగు మెట్లయిన ఏ1, ఏ2ల కిందికి వస్తుంది. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన సెర్వాంతెస్ సంస్థ తన పాఠ్యప్రణాళికను ఆ స్థాయుల ప్రకారమే రూపొందించింది. ఆ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది. హైదరాబాదులోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలోనూ స్పానిష్ బోధన జరుగుతోంది.

మన దగ్గర స్పానిష్ నేర్చుకునేవారు ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాల మీదుగా నేర్చుకుంటారు. దీనివల్ల ఇంగ్లీషువారికి కష్టమైనవన్నీ మనకూ కష్టమేనన్న భ్రమ కలుగుతుంది. అంగడి స్పానిష్‌లో కనీసం సగం వ్యాకరణం తెలుగు నుంచి నేరుగా అందుతుంది. అందని చోట్లు వేరే ఉన్నాయి. వాటిని ఇంగ్లీషు పుస్తకాలు పట్టించుకోవు, ఎందుకంటే ఆ పొరపాట్లు ఇంగ్లీషువారు చేసేవి కావు. ఈ వ్యాసంలో ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

పలుకు

స్పానిష్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాం. దీర్ఘం ఉన్న చోట ఊది పలకాలి, మిగిలిన అచ్చులు పొట్టిగా ఉండాలి. స్పానిష్‌లో అచ్చులు అయిదే. త, ద, ప, క శబ్దాలు మన ఉచ్చారణకు చాలా దగ్గర. టమాటాను స్పానిష్‌వారు 'తొమాతె' అంటారు. ఇంగ్లీషు అలవాటు కొద్దీ అక్కడ 'ట' పలికితే అదే పరాయి యాస అవుతుంది. పదాంతంలోని అచ్చును మింగకుండా పలకడం కూడా తెలుగువారికి పుట్టుకతో వచ్చిన లాభమే.

రెండు రకాల రకారాలను వేరుచేయడం అంగట్లో తప్పనిసరి. 'కారొ' అంటే ఖరీదైనది. 'కార్రొ' అంటే లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కారు, స్పెయిన్ సూపర్ మార్కెట్లో సామాను తోసుకెళ్లే బండి. కర్ర, బుర్ర అనగలిగిన నోటికి ఇది కొత్త కాదు.

తెలుగుకు లేనిది ఊనిక. ఏ అక్షరం మీద ఊదుతామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. 'పాప' అని మొదటి అక్షరం మీద ఊదితే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, 'పపా' అని రెండో దాని మీద ఊదితే నాన్న. అచ్చుతోగానీ, న్, స్ లతోగానీ ముగిసే మాటల్లో చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక పడుతుంది. మిగతా వాటిలో చివరి అక్షరం మీద పడుతుంది. ఈ సూత్రానికి లొంగని మాటలకు అచ్చు మీద గీత గీసి చూపిస్తారు. కాబట్టి రాసి ఉన్న మాటను ఎలా పలకాలో ఊహించాల్సిన పని ఉండదు.

స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో అయిదును చెప్పే 'సీంకొ'లోని మొదటి శబ్దాన్ని నాలుక పళ్ల మధ్య పెట్టి ఊదుతారు. లాటిన్ అమెరికాలో అది మామూలు సకారమే. నేర్చుకునేవారు ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉండడం మంచిది. ఇక్కడ లాటిన్ అమెరికా పలుకునే పాటించాం.

పలకరింపు, వరస

దుకాణంలో అడుగుపెట్టగానే 'బ్వేనొస్ దీయస్' అనడం స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ ఉన్న మర్యాద. మధ్యాహ్నం దాటాక 'బ్వేనస్ తార్దెస్'. పలకరించకుండా నేరుగా ధర అడగడం మోటుగా తోస్తుంది. స్పెయిన్‌లోని చేపల, మాంసం కొట్ల ముందు వరస కనిపించకపోవచ్చు, కానీ వరస ఉంటుంది. వచ్చినవారు 'క్యేన్ ఏస్ ఎల్ ఊల్తిమొ?', అంటే చివర ఎవరున్నారు, అని అడిగి ఆ మనిషి తర్వాత తమ వంతు వస్తుందని గుర్తుపెట్టుకుని పక్కన నిలబడతారు. ఈ ఒక్క ప్రశ్న తెలియక వంతు తప్పినవారిని అక్కడి పెద్దలు సున్నితంగానే అయినా తప్పక మందలిస్తారు.

'తూ' అంటే నువ్వు, 'ఉస్తేద్' అంటే మీరు. తెలుగులో 'మీరు' బహువచన క్రియను తీసుకుంటుంది, ఉస్తేద్ మాత్రం 'అతను, ఆమె'లకు వాడే క్రియను తీసుకుంటుంది. ఒకప్పటి 'తమ దయ' అనే గౌరవ సంబోధన అరిగి అరిగి ఉస్తేద్ అయింది కనుక ఆ క్రియ అలాగే నిలిచిపోయింది. 'నీకు కావాలా' అనడానికి 'క్యేరెస్', 'మీకు కావాలా' అనడానికి 'క్యేరె'. స్పెయిన్ బజార్లలో అమ్మేవారు ముక్కూమొహం తెలియని వారిని కూడా తూ అనే పిలుస్తారు. అది అమర్యాద కాదు. కొలంబియా, పెరూ, మెక్సికోలలో పెద్దవారితో, అంగడివారితో ఉస్తేద్ వాడితేనే బాగుంటుంది. అర్జెంటీనా, ఉరుగ్వేలలో తూ బదులు 'బోస్' అంటారు, క్రియ కూడా 'కెరేస్' అని మారుతుంది. మనం నువ్వు, మీరు అని ఎవరితో అంటామో చిన్నప్పటి నుంచి బేరీజు వేసుకుంటూనే ఉంటాం. కనుక ఈ విషయంలో మన మనసు చెప్పేది చాలాసార్లు సరిగానే ఉంటుంది. అనుమానం వస్తే ఉస్తేద్ వాడవచ్చు.

మెక్సికో బజారులో అమ్మేవారూ కొనేవారూ ఒకరినొకరు 'మర్చాంతె' అనుకుంటారు. పెరూ, బొలీవియాలలో ఆ స్థానంలో 'కసేరొ', ఆడవారినైతే 'కసేర' అంటారు. వాడుకగా ఒకే చోట కొనేవారికీ వారికి అమ్మేవారికీ మధ్య ఉండే చనువు ఆ పిలుపులో ఉంది.

అడగడం

'క్యేరొ' అంటే 'నాకు కావాలి'. తెలుగువారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. మనం 'నాకు' అంటాం కాబట్టి స్పానిష్‌లో 'నాకు' అనే అర్థమిచ్చే 'మె'ను ముందు చేర్చబుద్ధవుతుంది. 'మె క్యేరొ' అంటే 'నన్ను నేను ప్రేమించుకుంటాను' అని అర్థం. స్పానిష్‌లో కోరుకునే మనిషే కర్త. ఆ కర్త ఎవరో క్రియ చివరే చెబుతుంది కనుక 'నేను' అనే మాటను కూడా తెలుగులోలాగే వదిలేయవచ్చు. 'క్యేరొ ఉన్ కీలొ దె అర్రోస్' అంటే ఒక కిలో బియ్యం కావాలని.

ఇలా సూటిగా క్యేరొ అనడం తప్పు కాదు గానీ కాస్త కటువుగా వినిపిస్తుంది. 'కెరీయ' అని భూతకాలంలో అంటే మెత్తబడుతుంది. 'కిస్యేర' ఇంకా మర్యాదగా ఉంటుంది. ఈ రెండు రూపాలనూ వ్యాకరణ సూత్రంగా కాకుండా మాటలుగానే కంఠస్థం చేసుకోవాలి. వాటి వెనకున్న క్రియాకాలాలు పాఠ్యపుస్తకంలో చాలా ఆలస్యంగా వస్తాయి, అంగడికి మాత్రం మొదటి రోజే వెళ్లాల్సి వస్తుంది.

స్పెయిన్‌లో ఎక్కువగా వినబడేది వేరే వాక్యం: 'మె పోనె ఉన్ కీలొ దె తొమాతెస్?' ఇందులోని క్రియకు అసలు అర్థం పెట్టడం, వెయ్యడం. మనం 'కిలో టమాటాలు వేస్తారా?' అన్నట్టే వర్తమాన క్రియను ప్రశ్నగా మార్చితే అభ్యర్థన అవుతుంది. 'పోంగమె' అంటే 'వెయ్యండి'. లాటిన్ అమెరికాలో 'మె దా', అంటే 'ఇస్తారా', సాధారణం. కొలంబియాలో 'మె రెగాల' అంటారు. ఆ క్రియకు మామూలు అర్థం బహుమతిగా ఇవ్వడం. కాఫీని అలా అడిగినవారు డబ్బు ఇచ్చే తీసుకుంటారు, అమ్మేవారికి అందులో వింతేమీ కనిపించదు.

అవతలివారి ప్రశ్నలు కొన్నే. 'కే లె పోంగొ?' మీకేం వెయ్యమంటారు? 'ఆల్గొ మాస్?' ఇంకేమైనా? దానికి జవాబు 'నాద మాస్, గ్రాస్యస్', ఇంకేం వద్దు, థాంక్స్. ఊరికే చూస్తున్నామని చెప్పడానికి 'సోలొ మీరొ, గ్రాస్యస్'. తూకం సరిపోయిందనడానికి 'అసీ ఎస్తా బ్యేన్'.

నచ్చడం, సరిపోవడం

ఇంగ్లీషు మాట్లాడేవారు నెలల తరబడి తికమకపడే వాక్యం ఒకటుంది: 'మె గూస్త ఏస్త కమీస'. తెలుగులో ఇది 'నాకు ఈ చొక్కా నచ్చుతుంది'. నచ్చిన వస్తువే కర్త, నచ్చిన మనిషి 'నాకు'. వస్తువులు ఎక్కువైతే క్రియ మారుతుంది: 'మె గూస్తన్ ఏస్తొస్ సపాతొస్', నాకు ఈ బూట్లు నచ్చుతాయి. 'నచ్చుతుంది, నచ్చుతాయి' అనే తేడాయే 'గూస్త, గూస్తన్' అనే తేడా. స్పానిష్ వ్యాకరణంలో తెలుగు పిల్లలకు కూడా వివరణ లేకుండా అర్థమయ్యే భాగం ఇది. బోధకులు దీన్ని ఇంగ్లీషులో తిప్పి చెప్పడం వల్లే కష్టమవుతోంది.

బట్టలు తొడిగి చూసుకున్నాక చెప్పే మాటలు కూడా ఇదే అచ్చులో పోసినవి. 'మె కేద బ్యేన్' అంటే నాకు సరిపోయింది. 'మె కేద గ్రాందె' నాకు పెద్దదయింది. బూట్లయితే 'మె కేదన్ పెకేన్యొస్', నాకు చిన్నవయ్యాయి. 'మె ఆసె ఫాల్త' అంటే నాకు అవసరం. కాబట్టి 'కావాలి' అన్నప్పుడు 'నాకు' వదిలెయ్యాలి, 'నచ్చింది, సరిపోయింది, అవసరం' అన్నప్పుడు ఉంచుకోవాలి. గుర్తుంచుకోవాల్సింది ఇంతే.

బట్టల కొలత 'తాయ', బూట్ల కొలత 'నూమెరొ', తొడిగి చూసుకునే గది 'ప్రొబదోర్'. 'ప్వేదొ ప్రొబార్మెలొ?' అంటే తొడిగి చూడవచ్చా? 'లార్గొ' అంటే పొడవు. ఇంగ్లీషు మాటను బట్టి దీన్ని 'పెద్దది' అనుకుని పొడవాటి ప్యాంటు తెచ్చుకున్నవారు తక్కువేం కాదు.

లింగం, వచనం, 'ఇది తీసుకుంటాను'

తెలుగులో చొక్కాకు, బూటుకు లింగభేదం లేదు. స్పానిష్‌లో ప్రతి వస్తువు పుంలింగమో స్త్రీలింగమో అయి తీరుతుంది. 'ఒ'తో ముగిసేవి ఎక్కువగా పుంలింగం, 'అ'తో ముగిసేవి ఎక్కువగా స్త్రీలింగం. వాటి ముందు వచ్చే 'ఎల్' లేదా 'ల', వెనక వచ్చే విశేషణం రెండూ దాన్ని బట్టే మారుతాయి. 'ఎల్ సపాతొ నేగ్రొ' నల్ల బూటు, 'లొస్ సపాతొస్ నేగ్రొస్' నల్ల బూట్లు. 'ల కమీస రోహ' ఎర్ర చొక్కా, 'లస్ కమీసస్ రోహస్' ఎర్ర చొక్కాలు. రంగు పేరు వస్తువు తర్వాత వస్తుందన్నది కూడా గమనించాలి. లింగం తప్పితే ఎవరికీ అర్థం కాకుండా పోదు. అందువల్ల తొలి రోజుల్లో దీని గురించి భయపడి నోరు మూసుకోనక్కర్లేదు. ప్రతి మాటనూ దాని 'ఎల్' లేదా 'ల'తో కలిపి నేర్చుకోవడం మాత్రం మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి, తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

కొనడం తేలిపోయాక అనే మాటలో ఈ లింగం మళ్లీ ఎదురవుతుంది. బూటు, పుస్తకం లాంటి పుంలింగ వస్తువైతే 'మె లొ యేబొ', చొక్కా, సంచి లాంటిదైతే 'మె ల యేబొ', ఎక్కువైతే 'మె లొస్ యేబొ', 'మె లస్ యేబొ'. అన్నిటికీ అర్థం ఒకటే: తీసుకుంటాను.

వేలుపెట్టి చూపించడంలో మనకు ఈ, ఆ అనే రెండే ఉన్నాయి. స్పానిష్‌కు మూడు. 'ఏస్తె' నా దగ్గరిది, 'ఏసె' కాస్త ఎడంగా, తరచు నీ దగ్గర ఉన్నది, 'అకేల్' ఇద్దరికీ దూరంగా ఉన్నది. గల్లాబల్ల అవతల, అమ్మేవారి చేతికి అందేలా ఉన్న సరుకును ఏసె అనాలి. స్త్రీలింగంలో ఇవి ఏస్త, ఏస, అకేయ అవుతాయి. పేరు తెలియని వస్తువును 'ఏస్తొ' అంటే సరిపోతుంది. లింగం బెడద లేని మాట అది.

ధర

'క్వాంతొ క్వేస్త?' ఇదెంత? వస్తువులు రెండో మూడో అయితే 'క్వాంతొ క్వేస్తన్?' అంతా కలిపి ఎంతయిందని అడగడానికి 'క్వాంతొ ఏస్?' కూరగాయలు, చేపలు లాంటి రోజూ ధర మారే సరుకులకు ప్రత్యేకమైన అడుగు ఉంది: 'అ కోమొ ఎస్తాన్ లొస్ తొమాతెస్?', టమాటాలు ఎలా ఉన్నాయి? మన రైతుబజారులో 'టమాటా ఎలా?' అన్నా ధరే అడిగినట్టు.

ఇక్కడ స్పానిష్‌లోని రెండు 'ఉండు' క్రియలు కనిపిస్తాయి. వస్తువు స్వభావానికి ఒకటి, ప్రస్తుత స్థితికి ఇంకొకటి. 'ల మన్సాన ఏస్ బేర్దె' అంటే ఆ ఆపిల్ ఆకుపచ్చ రంగు రకం. 'ల మన్సాన ఎస్తా బేర్దె' అంటే అది ఇంకా పచ్చిగా ఉంది, పండలేదు. మామిడిపండు పండిందా అని అడగాలంటే 'ఎస్తా మదూరొ?' మారుతూ ఉండే ధర కూడా స్థితే కనుక దానికి రెండో క్రియే వాడతారు. ఈ రెండు క్రియల మీద పేజీలకు పేజీలు సూత్రాలున్నాయి, కానీ పండ్ల కొట్టు ముందు వచ్చినంత స్పష్టంగా ఆ తేడా మరెక్కడా అర్థం కాదు.

చవక 'బరాతొ', ఖరీదు 'కారొ', తగ్గింపు 'దెస్క్వేంతొ'. స్పెయిన్‌లో బేరం దుకాణాల్లో చెల్లదు. వారం సంతల్లో, మాడ్రిడ్‌లో ఆదివారాలు జరిగే ఎల్ రాస్త్రొ లాంటి పాత సామాన్ల బజార్లలో చెల్లుతుంది. దుకాణాల్లో తగ్గింపు కావాలంటే జనవరిలోనూ వేసవిలోనూ వచ్చే 'రెబాహస్' కోసం ఎదురుచూస్తారు. 2012 నుంచి వ్యాపారులు ఏ కాలంలోనైనా రెబాహస్ పెట్టుకోవచ్చు గానీ, జనవరి 6న ముగ్గురు రాజుల పండుగ అయ్యాక కొట్ల ముందు గుమికూడే అలవాటు పోలేదు. మెక్సికో, గ్వాటెమాలా, పెరూలలోని సంతల్లో, ముఖ్యంగా చేతిపనుల దగ్గర, బేరం మామూలే. 'ఏస్ లొ మేనొస్?' అంటే ఆఖరు ధర ఇదేనా? 'మె లొ దేహ ఎన్ బేయింతె?' ఇరవైకి ఇస్తారా? నెలలు పట్టి నేసిన గుడ్డకు అయిదో పదో తగ్గించమని గట్టిగా పట్టుబట్టడం మాత్రం ఏ దేశంలోనూ సంస్కారం కాదు.

అంకెలు చెవికి

కొనుగోలు సంభాషణలో ఓడిపోయేది మాట్లాడలేక కాదు, అంకెలు వినలేక. ఒకటి నుంచి పది: ఊనొ, దోస్, త్రేస్, క్వాత్రొ, సీంకొ, సేయిస్, స్యేతె, ఓచొ, న్వేబె, ద్యేస్. పదకొండు నుంచి పదిహేను దాకా విడిగా నేర్చుకోవాలి: ఓన్సె, దోసె, త్రేసె, కతోర్సె, కీన్సె. ఇరవై బేయింతె, ముప్పై త్రేయింత. ఆ పైన పదుల తర్వాత 'ఇ' అని కలిపి ఒకట్లు చెబుతారు. ముప్పై అయిదు 'త్రేయింత ఇ సీంకొ'. వంద స్యేన్, అయిదు వందలు కిన్యేంతొస్, వెయ్యి మీల్.

చెవి తడబడే జంటలను వేరుగా సాధన చేయాలి. సెసేంత అరవై, సెతేంత డెబ్భై. క్వాత్రొ నాలుగు, క్వార్తొ పావు, క్వరేంత నలభై, కతోర్సె పద్నాలుగు. తెలుగులో లక్ష దాటితే లెక్క మారినట్టు స్పానిష్‌లో మారదు, వెయ్యి వేలయ్యాకే 'మియోన్' వస్తుంది. కొలంబియా, చిలీలలో కూరగాయల ధరలే వేలల్లో ఉంటాయి కాబట్టి అక్కడికి వెళ్లేవారు 'మీల్' దాకా చదివి ఆగకూడదు. చిలీలో వెయ్యి పెసోలను వాడుకలో 'లూక' అంటారు.

స్పెయిన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. మూడున్నర యూరోలను 3,50 అని రాసి 'త్రేస్ సింక్వేంత' అని చదువుతారు. 1.500 అని రాసి ఉంటే అది ఒకటిన్నర కాదు, వెయ్యిన్ని అయిదు వందలు. మెక్సికోలో మాత్రం మనలాగే దశాంశానికి చుక్క వాడతారు.

డబ్బుకు స్పెయిన్‌లో 'దినేరొ' అన్నా లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'ప్లాత' అంటారు, ఆ మాటకు మూలార్థం వెండి. యూరో నోట్లు, నాణేలు 2002 జనవరి 1న చెలామణిలోకి వచ్చి పెసేతను తొలగించాయి. మెక్సికో, అర్జెంటీనా, చిలీ, కొలంబియా, ఉరుగ్వే, క్యూబాలలో పెసో ఉంది, కానీ ఒక దేశపు పెసోకు మరో దేశపు పెసోకు విలువలో సంబంధం లేదు. పెరూలో సోల్, గ్వాటెమాలాలో కెత్సాల్. ఈక్వెడార్ 2000లో, ఎల్ సాల్వడార్ 2001లో అమెరికా డాలరును తమ కరెన్సీగా చేసుకున్నాయి.

తూకాలు, కొసరు

అరకిలో 'మేద్యొ కీలొ', పావుకిలో 'క్వార్తొ దె కీలొ', ముప్పావు కిలో 'త్రేస్ క్వార్తొస్', కిలోన్నర 'కీలొ ఇ మేద్యొ'. పావు, అర, ముప్పావు లెక్కలో పెరిగినవారికి ఇవి అలవోకగా వస్తాయి. స్పెయిన్‌లో వయసు మళ్లినవారు 'క్వార్తొ ఇ మితాద్' అంటారు. పావుకిలో, ఆ పావులో మళ్లీ సగం, అంటే 375 గ్రాములు. దీన్ని పావు, అర కలిపి ముప్పావు కిలో అనుకోకూడదు. డజను 'దొసేన', రొట్టె 'బార్ర' లెక్కన, కోసిన పలచటి ముక్క 'లోంచ'.

తూకం అయ్యాక పైన వేసే కొసరుకు ఆండీస్ దేశాల్లో 'యాప' అని పేరు, క్వెచువా భాష నుంచి వచ్చింది. కరీబియన్ తీరంలో అది 'న్యాప' అయింది, మెక్సికోలో 'పిలోన్' అంటారు. పెరూలో 'యాప వెయ్యి కసేర' అని అడగడం తప్పేమీ కాదు, అమ్మే ఆమె నవ్వి ఒక పండు వేస్తుంది.

దేశానికో పేరు

మొదట ఏ దేశానికి వెళ్తున్నామో తేల్చుకోవాలి. వ్యాకరణం అంతటా ఒకటే, సంతలో పేర్లు మాత్రం ఒకటి కావు. బంగాళాదుంప స్పెయిన్‌లో పతాత, లాటిన్ అమెరికాలో పాప. అవకాడో మెక్సికోలో, స్పెయిన్‌లో అగ్వకాతె, పెరూ, చిలీ, అర్జెంటీనాలలో పాల్త. స్ట్రాబెర్రీ ఫ్రేస లేదా ఫ్రుతీయ. మొక్కజొన్న పొత్తు మెక్సికోలో ఎలోతె, ఆండీస్ దేశాల్లో చోక్లొ. అరటిపండుకయితే ప్లాతనొ, బనాన, గినేయొ, వెనిజువెలాలో కంబూర్. మిరపకాయ మెక్సికోలో చీలె, పెరూలో అహీ, స్పెయిన్‌లో కారంగా ఉండేది గిందీయ. చలికోటు చకేత, చమార్ర, కంపేర. ఇన్ని పేర్లు ఉండడానికి ఒక కారణం అమెరికా ఖండపు మూలవాసుల భాషలు. తొమాతె, అగ్వకాతె, చీలె, ఎలోతె నావాత్ల్ భాషవి. పాప, పాల్త, చోక్లొ క్వెచువావి. మన సపోటా పేరుకు కూడా నావాత్ల్ నుంచి స్పానిష్‌లోకి వచ్చిన 'సపోతె'యే మూలం.

కొన్ని మాటలు తెలుగువారికి జ్ఞాపకం పెట్టుకోనక్కర్లేకుండానే నిలుస్తాయి. నారింజ 'నరాంహ', చక్కెర 'అసూకర్'. సంస్కృత నారంగ, శర్కర శబ్దాలు పర్షియన్, అరబీల మీదుగా స్పెయిన్ చేరాయి. అనాసపండును అర్జెంటీనాలో 'అననా' అంటారు, స్పెయిన్‌లో, మెక్సికోలో 'పీన్య'. పోర్చుగీసువారు మనకిచ్చిన అల్మారా స్పానిష్‌లో 'అర్మార్యొ'.

దుకాణాల పేర్లలో 'ఎరీయ' అనే తోక పని తేలిక చేస్తుంది. పాన్ అంటే రొట్టె, రొట్టెల కొట్టు 'పనదెరీయ'. ఫ్రూత పండు, 'ఫ్రుతెరీయ' పండ్ల కొట్టు. సపాతొ, 'సపతెరీయ'. లీబ్రొ అంటే పుస్తకం, 'లిబ్రెరీయ' పుస్తకాలు అమ్మే చోటు, గ్రంథాలయం కాదు. ఇనుప సామాన్ల కొట్టు 'ఫెర్రెతెరీయ'. మందుల షాపు 'ఫర్మాస్య'. కొలంబియాలో దాన్నే 'ద్రొగెరీయ' అని కూడా అంటారు, స్పెయిన్‌లో ద్రొగెరీయకు వెళ్తే సబ్బులు, ఇల్లు తుడిచే మందులు దొరుకుతాయి. వీధి కిరాణా కొట్టుకు మెక్సికోలో 'అబర్రోతెస్', అర్జెంటీనాలో 'అల్మసేన్', పెరూలో 'బొదేగ', డొమినికన్ రిపబ్లిక్‌లో 'కొల్మాదొ'. బార్సిలోనాలో బోర్డులు ఎక్కువగా కటలాన్ భాషలో ఉంటాయి కాబట్టి అక్కడి లా బొకేరియా బజారుకు వెళ్లి స్పానిష్ చదువుతున్నామనుకోకూడదు. మాట్లాడితే మాత్రం స్పానిష్‌లోనే జవాబిస్తారు.

మెక్సికోలో వారపు సంతను 'త్యాంగిస్' అంటారు. స్పెయిన్‌వారు రాకముందు నుంచీ ఉన్న సంతల పేరు అది. అజ్టెక్ రాజధాని బజారులో రోజూ అరవై వేల మందికి పైగా కొనడానికి, అమ్మడానికి వస్తారని ఎర్నాన్ కోర్తెస్ 1520లో తన రాజుకు రాసిన లేఖలో చెప్పాడు. అప్పుడు చిల్లరగా చెల్లినవి కోకో గింజలు. ఆ త్యాంగిస్‌లు ఇప్పటికీ వారానికి ఒక రోజు వీధుల్లో గుడారాలు వేసుకుని సాగుతున్నాయి. స్పానిష్ అంకెలు వినడానికి అంతకు మించిన బడి లేదు, ధరలను అరుస్తూ చెబుతారు కనుక.

శాకాహారులకు

'కార్నె' అంటే మాంసం అని నిఘంటువు చెబుతుంది. వాడుకలో చాలామందికి అది పశుమాంసమో పందిమాంసమో మాత్రమే. 'సీన్ కార్నె' అని అడిగినవారికి కోడిమాంసం, చేప, సన్నగా తరిగిన పంది తొడ మాంసం హమోన్ వచ్చే ప్రమాదం ఉంది. 'నీ కార్నె, నీ పోయొ, నీ పెస్కాదొ' అని మాంసం, కోడి, చేప మూడూ వద్దని చెప్పాలి. 'యేబ కార్నె?' ఇందులో మాంసం ఉందా? 'యేబ వేబొ?' గుడ్డు ఉందా? 'మంతేక' మెక్సికోలో, స్పెయిన్‌లో పందికొవ్వు, అర్జెంటీనాలో వెన్న. వెన్నకు మిగతా చాలాచోట్ల 'మంతెకీయ'. హమోన్ పంది తొడ మాంసం, 'హబోన్' సబ్బు, 'సోప' సూపు. ఈ మూడింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

తెలుగు వంటింటికి కావలసినవి: బియ్యం అర్రోస్, పప్పు లెంతేహస్, ఉల్లి సెబోయ, వెల్లుల్లి ఆహొ, అల్లం హెంహీబ్రె, జీలకర్ర కొమీనొ, కొత్తిమీర సిలాంత్రొ, పసుపు కూర్కుమ, చింతపండు తమరీందొ. అమెరికాలో టెక్సాస్‌లాంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారు మెక్సికన్ కిరాణా కొట్లలో కొత్తిమీర, పచ్చిమిర్చి, జామకాయలు, చింతకాయలు కొనుక్కోవచ్చు. అక్కడ ఈ మాటలు పాఠంలో కాక సంచిలో పడతాయి.

చెల్లింపు, వాపసు

కార్డు 'తర్హేత', నగదు 'ఎఫెక్తీబొ', చిల్లర 'స్వేల్తొ'. తిరిగి ఇచ్చే డబ్బు స్పెయిన్‌లో 'బ్వేల్త', లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'బ్వేల్తొ', మెక్సికోలో 'కాంబ్యొ'. సంచి 'బోల్స'. స్పెయిన్‌లో 2018 జూలై 1 నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి చేశారు, అందుకే గల్లా దగ్గర 'క్యేరె బోల్స?' అని అడుగుతారు. ధర చీటీ మీద ఉన్న అంకెలో 'ఈబ' అనే పన్ను కలిసే ఉంటుంది. స్పెయిన్‌లో దాని సాధారణ రేటు 21 శాతం, మెక్సికోలో 16.

బిల్లు 'తీకెత్' లేదా 'రెసీబొ'. మార్చుకోవడం 'కంబ్యార్', వాపసు ఇవ్వడం 'దెబొల్బేర్'. 'లొ ప్వేదొ దెబొల్బేర్?' అని కొనే ముందే అడగడం తెలివైన పని, ఎందుకంటే స్పెయిన్‌లో లోపం లేని వస్తువును కొట్టువాడు వెనక్కి తీసుకోవాలన్న నియమం లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి మాత్రం 14 రోజుల గడువు ఉంది. లోపమున్న కొత్త వస్తువుల మీద 'గరంతీయ' 2022 జనవరి 1 నుంచి మూడేళ్లు. డబ్బు బదులు అదే కొట్టులో వాడుకునే చీటీ ఇస్తామంటే దాని పేరు 'బాలె'. స్పెయిన్‌లో 'సరే' అనడానికీ అదే మాట. కాబట్టి వాపసు అడిగినప్పుడు ఎదుటివారు బాలె అంటే డబ్బిస్తున్నారో చీటీ ఇస్తున్నారో 'ఎన్ ఎఫెక్తీబొ?' అని అడిగి తేల్చుకోవాలి.